నెమ్ము కొలిచేదెవరు?

క్వింటాలు పత్తికి మద్దతు ధర 8,110 రూపాయలు. 2025-26 సీజన్‌లో పొడవు పింజ రకానికి కేంద్రం ప్రకటించిన ధర అది. ఆ మొత్తం చేతికి రావాలంటే పత్తిలో తేమ 8 శాతం మించకూడదు. తొమ్మిదైతే 81 రూపాయల 10 పైసలు కోత, పదైతే దానికి రెట్టింపు. 12 శాతం దగ్గర ధర 7,785 రూపాయల 60 పైసలకు దిగుతుంది. అది కూడా దాటితే భారత పత్తి సంస్థ (సీసీఐ) కొనుగోలు కేంద్రం నుంచి బండి వెనక్కి తిప్పుకోవాల్సిందే. ఇరవై క్వింటాళ్లు తోలుకొచ్చిన రైతుకు ఎనిమిదికీ పన్నెండుకూ మధ్య తేడా 6,488 రూపాయలు. అంత సొమ్మునీ తేల్చేది పత్తిలోకి గుచ్చి చూసే ఒక చేతి మీటరు.

దాని లోపల పెద్ద రహస్యం ఏమీ లేదు. దూదిలో తడి పెరిగితే కరెంటు సులువుగా పారుతుంది. ఆ నిరోధాన్ని కొలిచి మీటరు శాతంగా చూపిస్తుంది. అయితే పత్తి గట్టిగా కూరిన చోట గుచ్చితే ఒక అంకె, వదులుగా ఉన్నచోట గుచ్చితే ఇంకో అంకె వస్తాయి. బోరెం పైన ఉన్న తేమ అడుగున ఉండదు. కొనుగోలు కేంద్రాల దగ్గర గొడవలు ఎక్కువగా రేగేది ఇక్కడే. ధరను నిర్ణయించే అంకె రైతుకు మొదటిసారి కనిపించేది సరుకు కేంద్రానికి చేరాక, అదీ ఎదుటివారి చేతిలోని మీటరు మీద.

గుంటూరు మిర్చి యార్డులో ఆ అంకె కూడా కనిపించడం అరుదు. కాయను పిడికిట్లో నలిపి, గింజ గలగలను విని, రంగు చూసి ధర చెప్పేస్తారు. అనుభవమున్న చేయి చాలావరకు సరిగ్గానే చెబుతుంది, కాదనలేం. కానీ 13 శాతానికీ 11 శాతానికీ తేడాను చేయి పట్టుకోలేదు. మిరపకు ప్రాణాంతకమైన తేడా అదే. 10, 11 శాతానికి ఎండని కాయను టిక్కీకి, అంటే బస్తాకెత్తితే ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు పట్టి అఫ్లటాక్సిన్ విషం పుట్టే ప్రమాదం ఉంది. మసాలా దినుసుల్లో అఫ్లటాక్సిన్ బీ1 కిలోకు 5 మైక్రోగ్రాములు, అఫ్లటాక్సిన్లన్నీ కలిపి 10 మైక్రోగ్రాములు మించకూడదని ఐరోపా సమాఖ్య నిబంధన. ఆ మోతాదును పట్టుకోగల స్పైసెస్ బోర్డు ప్రయోగశాల గుంటూరులోనే ఉంది. కాకపోతే అక్కడికి నమూనా వెళ్లేది ప్రయాణం చివర్లో. బూజు మొదలయ్యేది కల్లంలో.

ఇక కల్లంలోనే తేమ చూడటానికి పనికొచ్చే సూక్ష్మ సెన్సర్ల సంగతి. సిలికాన్‌ను వంచితే దాని నిరోధం మారుతుందని బెల్ ల్యాబ్స్‌లో చార్లెస్ స్మిత్ 1954లో చూపించారు. సిలికాన్ ఎలక్ట్రానిక్స్‌కే కాక సూక్ష్మ యంత్రాలకూ పనికొచ్చే పదార్థమని కర్ట్ పీటర్సన్ 1982లో వాదించారు. ఆ రెండింటి మీద నిలబడిన పరిశ్రమ సరుకు ఈనాడు ప్రతి స్మార్ట్‌ఫోన్‌లోనూ ఉంది. బోష్ తయారుచేసే బీఎంఈ280 చిప్పు పొడవు, వెడల్పు రెండున్నర మిల్లీమీటర్ల చొప్పున ఉంటాయి. మందం ఒక మిల్లీమీటరుకు లోపే. గాలిలో తేమ, ఉష్ణోగ్రత, పీడనం మూడూ అదే చెబుతుంది.

ఈ రంగంలో ఒక తెలుగు జాడ తెలంగాణలోని కొల్లాపూర్‌కు తీసుకెళుతుంది. అక్కడ పుట్టిన వి. రాంగోపాల్‌రావు ఐఐటీ బొంబాయిలో ఒక కొస బిగించిన స్కేలులాంటి అతి పలుచని పలకలతో పరిశోధన చేశారు. పేలుడు పదార్థపు ఆవిరి అణువులు వాటి మీద వాలితే పలక వంగుతుంది, నిరోధం మారుతుంది, సంగతి తెలిసిపోతుంది. 2013లో ఇన్ఫోసిస్ బహుమతి అందుకున్న ఈ ఆచార్యుడి ప్రయోగశాల నుంచి నానోస్నిఫ్ అనే సంస్థ పుట్టింది. అదే పలక మీద తేమను పీల్చి ఉబ్బే పాలిమర్ పూస్తే నేలలోని తేమ తెలుస్తుంది. పొలానికి దిగిన మరో సంస్థ సాయిల్‌సెన్స్. బాంబును పసిగట్టే విద్యే పైరుకు నీళ్లు ఎప్పుడు కట్టాలో చెప్పడానికీ పనికొచ్చింది.

నల్లరేగడిలో మాత్రం ఏ సెన్సరుకైనా సుఖం ఉండదు. నేల తేమ సెన్సర్లలో ఎక్కువ భాగం మట్టి విద్యుత్ గుణాన్ని కొలుస్తాయి. నీటి డైఎలెక్ట్రిక్ స్థిరాంకం దాదాపు 80, పొడి మట్టిది అయిదుకు లోపు, గాలిది 1. కాబట్టి తడి పెరిగితే రీడింగు పెరగాలి. గుంటూరు, ప్రకాశం రేగళ్లు ఎండితే బెత్తెడు పగుళ్లిస్తాయి. సెన్సరు చుట్టూ మట్టి విడిపోయి గాలి చేరుతుంది. లోపల తడి ఉన్నా ఎండినట్టు చెబుతుంది. బంకమట్టి పట్టి ఉంచిన నీరు వేరే తికమక పెడుతుంది. ఇసుక నేలలో సరిచూసిన పరికరాన్ని తెచ్చి పాతితే నష్టమే. ఆంధ్రప్రదేశ్‌లో 2003లో సూక్ష్మసేద్య ప్రాజెక్టు మొదలైనప్పటి నుంచి డ్రిప్పు పైపులు పొలాల్లోకి వచ్చాయి. గేటు వాల్వు ఎప్పుడు తిప్పాలన్నది మాత్రం చాలాచోట్ల ఇప్పటికీ కంటి అంచనాయే.

చిప్పు చిన్నదైనంత మాత్రాన పరికరం చవకవదు. దాన్ని దుమ్ము, ఎరువు ఉప్పు, ఎండల నుంచి కాపాడే తొడుగుకు, సరిచూడటానికి అయ్యే ఖర్చే తరచూ పెద్దది. అందుకే 2025 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చిన ఏఎస్ఐపీ సంస్థ చిప్పుల ప్యాకేజింగ్ ప్లాంటు గమనించదగ్గది. ఏటా 9.6 కోట్ల యూనిట్ల సామర్థ్యం. అక్కడ పొలం సెన్సర్లు తయారవుతాయని ఎవరూ అనడం లేదు, ఆ అనుభవం మాత్రం రాష్ట్రానికి వస్తుంది.

అంతవరకు ఆగాల్సిన పనీ లేదు. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్‌ శాఖ తయారుచేసిన డ్రైకార్డ్ ఒక రంగు మారే కాగితం మాత్రమే. గింజలతో కలిపి డబ్బాలో మూసి ఉంచితే లోపలి గాలి తేమను బట్టి ఎండాయో లేదో చెబుతుంది. ఆ పనే అంకెల్లో చేసే చిప్పు ఇప్పటికే బజారులో ఉంది. సంచిలోకి దించి పెట్టే చిన్న గొట్టం, దాన్ని తేజ మిర్చికి, సన్నం మిర్చికి, దూదికి వేర్వేరుగా సరిచూసిన పట్టిక, ఇవి చాలు. ఆ పట్టిక రాయాల్సింది గుంటూరు దగ్గర లాంలోని వ్యవసాయ విశ్వవిద్యాలయమే.

ధాన్యం తేమ చూసే మీటర్లు గ్రామాలకు కొత్త కాదు. పత్తికి, మిర్చికి సరిపడేవి రైతు సేవా కేంద్రాల్లో పెట్టాలి. తూనికలు కొలతల శాఖ కాటాకు వేసినట్టే వాటికీ ఏటా పరీక్షించి ముద్ర వేయాలి. అక్కడి రీడింగు చీటీని కొనుగోలు కేంద్రంలో చూపించే హక్కు, తేడా వస్తే మూడో మీటరుతో చూడమని అడిగే హక్కు రైతుకు ఉండాలి. వచ్చే సీజన్‌లో తొలి తీత మొదలయ్యేలోగా ప్రభుత్వం ఈ ఉత్తర్వు ఇవ్వాలి.