బండి ఎవరిది, డీజిలు ఎవరిది?

మా విజయపురి సౌత్‌కొచ్చే టూరిస్టులు ముందడిగేది లాంచీ ఎన్నింటికని. ఆ తర్వాత అడిగేది, "ఏవండీ, మేమిప్పుడు ఆంధ్రాలో ఉన్నామా, తెలంగాణలో ఉన్నామా?" అని. వాళ్ల తప్పేం లేదు పాపం. హైదరాబాదు బస్సు హిల్ కాలనీ, పైలాన్ దాటి, నాగార్జునసాగర్ డ్యాం దిగువనున్న బ్రిడ్జి ఎక్కి కృష్ణ దాటితే రాష్ట్రం మారిపోద్ది. పోలీసు మారతాడు, కరెంటు బిల్లు మారిద్ది, మందుషాపు రేట్లు మారతయ్. ఎండ ఒక్కటే మారదు. మే నెలలో ఈ రాళ్ల మధ్య కాసే ఎండకి కుడి ఒడ్డు, ఎడమ ఒడ్డు అన్న తేడా లేదు.

ఎండ ఉన్నచోట నిప్పు భయం ఉంటది గదా, ఇవాళ ఫైరింజన్ల ముచ్చట పెట్టుకుందాం.

మాచర్ల నుంచి మా ఊరికి ఫైరింజను రావాలంటే పాతిక కిలోమీటర్లు అటూ ఇటూ. రోడ్డు ఖాళీగా ఉండి, డ్రైవరు గట్టిగా తొక్కితే అరగంట. పల్లెటూళ్లలో కాల్ అందిన ఇరవై నిమిషాల్లో బండి చేరాలని మన దేశంలో నిపుణులు వేసిన లెక్క. ఆ ఇరవై నిమిషాలైనా గడ్డివాము ఆగిద్దా? కల్లంలో ఆరబోసిన మిర్చి ఆగిద్దా? సరే, వచ్చిందే అనుకుందాం. మామూలు ఫైరింజను ట్యాంకులో పట్టే నీళ్లు ఓ 4,500 లీటర్లు. ఒక్క పైపుతో నిమిషానికి 450 లీటర్లు కొట్టినా పది నిమిషాల్లో ఖాళీ. ఆ తర్వాత ఫైర్‌మ్యాను నీళ్లెక్కడున్నయ్యని అడుగుతాడు. పక్కనే 590 అడుగుల సాగర్ నిండుకుండలా ఉంటది చూడండి, దాన్ని చూపించడానికి మొహమాటమేసిద్ది. ఆ నీళ్లు ట్యాంకులోకి రావాలంటే అక్కడ పంపుండాలి, బండి దిగడానికి దారుండాలి.

అలాంటప్పుడు అవతలి ఒడ్డు బండి దగ్గరగా ఉంటే దాన్నే పిలవొచ్చు గదా అంటారా? పిలవొచ్చు. ఎవరు పిలవాలి, ఎవరు పంపాలి, డీజిలు ఎవరు పోయించాలి? ఇంకో తిరకాసు కూడా ఉంది. ఏటి ఒడ్డున నిలబడి 112 కొడితే సెల్‌ఫోనుకి మీ ఊరు తెలీదు, టవరే తెలుసు. అవతలి టవరు అందుకుందంటే కాల్ అటెళ్లి, అక్కడి అమ్మాయి "ఏ మండలం సార్" అని అడుగుద్ది. మాచర్ల మండలం అంటే ఆవిడ కంప్యూటర్లో ఉండొద్దూ?

ఈ మాట మా బాబాయితో అంటే నవ్వాడు. ఆయన సాగర్ కట్టినప్పట్నుంచీ ఇక్కడే ఉన్న మనిషి. ఏదన్నా ఆయన దగ్గర పెట్టి చూస్తేగాని నాకు తోచదు. "బాబాయ్, అమెరికాలో ఇదో పెద్ద పద్ధతంట. ఫైర్ డిస్ట్రిక్ట్ అంటారంట" అని మొదలెట్టా. మన పిల్లలు అక్కడ ఇల్లు కొని ప్రాపర్టీ ట్యాక్సు కడతారు చూశారూ, చాలాచోట్ల ఆ బిల్లులో ఫైర్ డిస్ట్రిక్ట్ పేరుతో ఓ లైను విడిగా ఉంటది. ఆ చుట్టుపక్కల జనం ఓట్లేసి బోర్డుని ఎన్నుకుంటారు. ఆ బోర్డు చీఫ్‌ని పెట్టుకుంటది, బండ్లు కొంటది. చిన్న డిస్ట్రిక్టులకి ఈ చీఫ్ జీతమే బరువు. అందుకని పక్కపక్క డిస్ట్రిక్టులు రెండూ మాట్లాడుకుని ఒకే చీఫ్‌ని, ఒకే లెక్కల గుమస్తాని, ఒకే ట్రైనింగు ఆఫీసర్ని పెట్టుకుంటయ్. స్టేషన్లు ఎక్కడివక్కడే, బండ్లు ఎవరివి వాళ్లవే. తగ్గేది పైనుండే కుర్చీలు.

బాబాయి అంతా విని, "ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందన్నారు, వినలేదా? ఎదురుగా డ్యాం కనబడుతుంటే అమెరికా దాకా ఎందుకురా" అన్నాడు.

ఆయన మాటకి ఎదురు చెప్పడం కష్టం. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు ఉమ్మడిగా చూసుకోమని కృష్ణా నది యాజమాన్య బోర్డు పెట్టారు. 2021 జూలై 15న కేంద్రం గెజిట్ ఇచ్చి, ప్రాజెక్టులు బోర్డుకి అప్పజెప్పండి, ఖర్చులకి ఒక్కో రాష్ట్రం 200 కోట్లు జమ చెయ్యండి అంది. గడువు అరవై రోజులు. గడువైతే దాటింది గానీ డబ్బు మాత్రం రాలేదు. ఇక 2023 నవంబరు 29 అర్ధరాత్రి దాటాక జరిగింది మేం కళ్లారా చూసిందే. తెల్లారితే అవతల తెలంగాణ ఎన్నికల పోలింగు. ఆంధ్ర పోలీసులు డ్యాం మీదికొచ్చి ఇరవయ్యారు గేట్లలో పదమూడు మావేనని మధ్యలో కంచె వేశారు. కుడి కాలవకి నీళ్లొదిలారు. మా నీళ్లు మేం తీసుకుంటే తప్పేంటని ఇటువాళ్లు, డ్యాం మేం చూసుకుంటుంటే దౌర్జన్యమేంటని అటువాళ్లు. ఆఖరికి కేంద్రం సీఆర్పీఎఫ్‌ని దించింది. నెహ్రూ 1955 డిసెంబరు 10న శంకుస్థాపన చేసినప్పుడు ఈ డ్యాం మీద కంచె వచ్చిద్దని ఎవరన్నా కలగన్నారా?

ఆయన చెప్పినదాంట్లో ఒకటి మాత్రం నేనొప్పుకోలా. ఉమ్మడి అన్నదల్లా పుచ్చిపోదు. తుంగభద్ర బోర్డు 1953 నుంచి నడుస్తానే ఉంది. 2024 ఆగస్టు 10 రాత్రి పందొమ్మిదో గేటు గొలుసు తెగి కొట్టుకుపోతే, కర్ణాటక, ఆంధ్ర, తెలంగాణ రైతులు ముగ్గురికీ గుండెలు జారినయ్. అప్పుడు డ్యాం గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారు వచ్చి, పారే నీళ్లలోనే స్టాప్‌లాగులు దించి వారం రోజుల్లో ఆపించారు. ఆయన ఏ రాష్ట్రపాయనని అప్పుడెవరూ అడగలేదు.

నీళ్లకీ నిప్పుకీ ఓ పెద్ద తేడా ఉంది. నీళ్లు నాక్కావాలంటే నాక్కావాలని కొట్టుకుంటారు. నిప్పు ఎవరిక్కావాలి? అందుకే నీళ్ల దగ్గర కుదరనిది ఇక్కడ కుదిరిద్దని నా నమ్మకం. రుజువు కూడా కృష్ణ మీదే ఉంది, కాస్త ఎగువన. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు కరెంటు కేంద్రంలో మంటలొచ్చినయ్. అది తెలంగాణది, భూమి లోపల సొరంగం. పొగ కమ్మేసింది. అప్పుడు ఆంధ్ర వైపు ఆత్మకూరు నుంచి కూడా ఫైర్ వాళ్లు పరిగెత్తారు. తర్వాత సింగరేణి రెస్క్యూ వాళ్లు, ఎన్డీఆర్ఎఫ్ వాళ్లు వచ్చారు. తొమ్మిది మంది ప్రాణాలు పోయినయ్. కష్టమొచ్చినప్పుడు మన ఫైర్‌మ్యాన్‌లు సరిహద్దు చూడరు. అది వాళ్ల మంచితనం. మంచితనం మీద ఆధారపడి ఎన్నాళ్లు నడుపుతాం అన్నదే నా బాధ.

అమెరికా వాళ్ల చీఫ్‌ల గొడవ మనకి లేదు. రాజ్యాంగం పన్నెండో షెడ్యూలు ఫైరు పనిని మునిసిపాలిటీల జాబితాలో పెట్టింది. గుజరాత్‌లో, మహారాష్ట్రలో పెద్ద ఊళ్లన్నీ సొంత ఫైర్ బ్రిగేడ్ పెట్టుకున్నయ్. మన దగ్గర రాష్ట్రం మొత్తానికీ ఒకటే శాఖ. మాచర్ల మునిసిపాలిటీ చీఫ్‌కి జీతమియ్యక్కర్లేదు, నరసరావుపేట వేరే బోర్డు పెట్టక్కర్లేదు. అమెరికా వాళ్లు ఇప్పుడు కష్టపడి కలుపుకుంటున్న సంసారం మనకు ఏనాడో కలిసి ఉంది. 2014 జూన్ 2న ఏటి దగ్గర తెగిందది. అంతకుముందు రోజు దాకా రెండొడ్ల ఫైర్‌మ్యాన్‌లదీ ఒకే యూనిఫాం, ఒకే డైరెక్టరు. 1999 నాటి ఫైర్ సర్వీసు చట్టమే ఇద్దరికీ వారసత్వంగా వచ్చింది. పైపుల కప్లింగులు కూడా ఒకే సైజు, 63 మిల్లీమీటర్లు. మనుషులు కలవకపోయినా పైపులు కలుస్తయ్, అదే అదృష్టం.

కలిపేస్తే డబ్బు మిగిలిపోద్దని గుడ్డిగా పోయినవాళ్లూ ఉన్నారు. ఇంగ్లండు వాళ్లు నలభయ్యారు కంట్రోల్ రూములు తీసేసి తొమ్మిది పెద్దవి పెడతామని భవనాలు కట్టారు. కంప్యూటర్లు పని చెయ్యలేదు, స్థానిక బ్రిగేడ్లు ఒప్పుకోలేదు. 2010 డిసెంబరులో రద్దు చేశారు. తక్కువలో తక్కువ 469 మిలియన్ పౌండ్లు బూడిదైనయ్యని వాళ్ల ఆడిట్ ఆఫీసే తేల్చింది. ఆ పక్కనే స్కాట్లండులో 2013 ఏప్రిల్ 1న ఎనిమిది ఫైర్ సర్వీసుల్ని ఒకటి చేశారు, అది నడుస్తోంది. ఏప్రిల్ ఒకటిన ఎందుకు పెట్టుకున్నారో మరి, నన్నడక్కండి.

పొదుపు కోసం ఏం కలపొచ్చంటే నేను మొహమాటం లేకుండా చెప్తా. ట్రైనింగు కలపండి. స్పేరు పార్టులు కలపండి. సాగర్ ఒకటే గదా, దాంట్లో పడ్డ మనిషిని తీయడానికి రెస్క్యూ బోట్లు, లైఫ్ జాకెట్లు, గజ ఈతగాళ్ల జట్టు ఒడ్డుకొకటి దేనికి? ఇద్దరూ కలిసి ఓ మంచి జట్టుని పెట్టుకోవచ్చు. ఫైర్ సర్వీసులు బాగుచేసుకోమని కేంద్రం 2023లో 5,000 కోట్ల స్కీము పెట్టింది, రాష్ట్రం వాటా పావు వంతు. ఇలాంటివాటికి అడగాలి. కలపకూడనిది ఒకటుంది. పక్కూళ్లో బండుంది గదా అని ఈ ఊరి బండిని తీసుకుపోతే ఆ పొదుపుకి నేనొప్పుకోను. ఆఫీసు రూములో కుర్చీ తగ్గితే ఫైలు ఆలస్యమయిద్ది. స్టేషన్‌లో డ్రైవరు తగ్గితే కొంప ఆలస్యమయిద్ది.

రెండొడ్లూ ఒకరికొకరు సాయపడ్డానికి పెద్ద బోర్డులు, ట్రిబ్యునళ్లు అక్కర్లేదు. ఓ రెండు పేజీల ఒప్పందం చాలు. సాగర్ దగ్గర, శ్రీశైలం దగ్గర, ఏటి వెంబడి ఎక్కడ మంటొచ్చినా ఏ రాష్ట్రం బండి దగ్గరుంటే అది బయల్దేరాలి. ఎవరి నేల మీద మంటుంటే అక్కడి ఆఫీసరు చెప్పినట్టు మిగతావాళ్లు వినాలి. డీజిలు, నురగ మందు లెక్కలు ఏడాదికోసారి చూసుకోవాలి. ఏ కాల్ పొరపాటున ఏ కంట్రోల్ రూముకొచ్చినా "మాది కాదు" అని పెట్టెయ్యకుండా అటు కలపాలి. ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలని స్కూలు పిల్లలకి పైపు పట్టుకోవడం చూపిస్తారు. ఆ వారంలో ఓ రోజు రెండొడ్ల బండ్లూ బ్రిడ్జి దాటి ఒకచోట మాక్ డ్రిల్లు చేస్తే అందులో పోయేదేముంది?

బాబాయి ఇంకా తలూపలేదు. "సంతకం ఎవడు ముందు పెడతాడ్రా" అంటున్నాడు. ఎవరు ముందు పెట్టినా పర్లేదు, అమరావతిలో పెట్టి హైదరాబాదుకి పంపండి, లేదా అటునుంచి ఇటు పంపండి.

ఈలోగా మీరెప్పుడైనా సాగర్ చూడ్డానికొచ్చి ఎక్కడన్నా పొగ కనబడి 101 గానీ 112 గానీ కొడితే, మీ పేరు తర్వాత చెప్పండి. ముందు ఒడ్డు చెప్పండి. డ్యాం దగ్గర నీళ్లు పోయే వైపు చూస్తూ నిలబడితే మీ కుడిచెయ్యి వైపు ఉన్నది విజయపురి సౌత్, పల్నాడు జిల్లా, ఆంధ్రప్రదేశ్. ఎడమచెయ్యి వైపుది నల్గొండ జిల్లా, తెలంగాణ.