కిర్క్ చొక్కా పచ్చదా, పసుపుదా?

స్టార్ ట్రెక్ తొలి ధారావాహిక (1966–69)లో కెప్టెన్ కిర్క్ చొక్కా ఏ రంగు? చూచినవారందరూ బంగారు వన్నె అంటారు. నిజానికి మఖమలు వంటి ఆ వెలూర్ గుడ్డకు అద్దినది లేత ఆకుపచ్చ. స్టూడియో దీపాల వెలుగులో, ఫిల్ము మీద అది పసుపుగా తేలింది. అదే వన్నెలో వేరొక గుడ్డతో కుట్టిన అతని మరో చొక్కా ఆకుపచ్చగానే కనిపించింది. (మన 'పచ్చ' రెంటికీ చెల్లుతుంది కనుక తెలుగువాడు సులువుగా తప్పించుకోగలడు!)

అచ్చం అలాంటిదే కుట్టించుకోదలచిన అభిమాని దేనిని అనుసరించాలి? నా మతం: తెరమీది పసుపునే. తాళపత్రాన్ని పరిష్కరించేవానికి మూలపాఠం ప్రధానం. వేషం కట్టేవానికి ప్రేక్షకుని జ్ఞాపకం ప్రధానం. ఆకుపచ్చ తొడిగినవాడు ఎదురైన ప్రతివారికీ వ్యాఖ్యానం చెప్పుకోవలసి వస్తుంది.

గుడ్డ విషయంలో మాత్రం రాజీ కూడదు. మెరిసే పలుచని సిద్ధదుస్తులు కొనవద్దు. ముంజేతి పట్టీలు అచ్చు వేసినవైతే అసలే వద్దు. కెప్టెనుకు రెండు నిండు పట్టీలు, నడుమ తెగిన పట్టీ ఒకటి, జరీతో కుట్టినవై ఉండాలి. నాటి వెలూర్ ఉతికినకొద్దీ కుంచించుకుపోగా మూడవ విడతలో గుడ్డనే మార్చారు. కనుక ముందుగా తడిపి ఆరవేసిన తరువాతే కత్తెర పెట్టించండి.

ఇక కొలత. 1987లో మొదలైన ధారావాహికలో ఒంటికి అతుక్కుపోయే స్పాండెక్స్ దుస్తులతో నటులకు నడుము నొప్పులు వచ్చాయి. తరువాత ఉన్ని దుస్తులు వచ్చినా, పికార్డ్ లేచినప్పుడల్లా అంగీని కిందికి లాగుకుంటూనే ఉన్నాడు. ఛాతీ కొలత ఒక్కటే చాలదు. భుజం నుండి నడుము దాకా కొలిపించండి. కచ్చా కుట్టులో ఉండగానే కుర్చీలో కూర్చుని లేచి చూచి, అంచు పైకెక్కితే అక్కడే నిడివి పెంచమనండి.