బలవంతంతో వాక్యం నిలబడదు



పదవీ విరమణ చేసిన తెలుగు పండితునికి సాఫ్టువేరుతో పనేమిటని అడుగబోయేవారికి ముందే సమాధానం చెబుతాను. చదవడం, చదివించడం నా వృత్తి. చదవకుండా దాటవేయడాన్ని తరగతి గదిలో దశాబ్దాల పాటు ఖండించాను. ఇప్పుడు అదే దురలవాటు పెద్ద పెద్ద కార్యాలయాలలో 'పరిష్కారం' అన్న గౌరవనామంతో చలామణీ అవుతున్నది. అందుకే ఈ టపా.

సంస్థలలో ఉద్యోగులు వాడే తెరలను నేడు చాలామంది రియాక్ట్ వంటి ఉపకరణాలతో నిర్మిస్తున్నారు. వాటికి కావలసిన ప్యాకేజీలను తెచ్చి అమర్చేది ఎన్‌పీఎం. ఒక ప్యాకేజీ "నాకు రియాక్ట్ 18 తోడుండాలి" అని ముందే ప్రకటిస్తుంది. దీనినే పీర్ డిపెండెన్సీ అంటారు. తీరా ప్రాజెక్టులో ఉన్నది 19. పూర్వం ఎన్‌పీఎం ఇటువంటి చోట హెచ్చరించి ఊరకుండేది. 2020 అక్టోబరులో వెలువడిన 7వ వెర్షను నుండి 'ఈరిజాల్వ్' అన్న దోషం చూపి నిలిచిపోతున్నది. ఆ సందేశం చివర రెండు మాటలుంటాయి: వైరుధ్యాన్ని మూలంలో సరిదిద్దుకోండి, లేదా ఫోర్స్ అనో, లెగసీ పీర్ డెప్స్ అనో చేర్చి, చెడిపోయే అవకాశమున్న అమరికను అంగీకరించండి. మనవారు మొదటి మాటను వదలి రెండవదానిని పట్టుకొంటారు. కొందరు దానిని అమరికల ఫైలులో శాశ్వతంగా వ్రాసిపెట్టి, ఇక ఆ హెచ్చరిక ఎవరి కంటా పడకుండా చేస్తారు.

మన శాస్త్రకారులు వాక్యానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అని మూడు నియమాలు చెప్పారు. 'తడిపెను' అనగానే దేనితో అన్న ఆకాంక్ష కలుగుతుంది. 'నిప్పుతో' అంటే ఆకాంక్ష తీరినట్లే కనబడుతుంది, పదాలు పక్కపక్కనే ఉన్నాయి, కాని యోగ్యత లేదు. డిపెండెన్సీ దోషం సరిగ్గా ఇదే. ఫోర్స్ అన్న మాట నిప్పును నీరు చేయదు. పరీక్షకుని నోరు మూయిస్తుంది, అంతే.

దాని ఫలం ఎలా ఉంటుందో చూడండి. 2024 డిసెంబరులో వచ్చిన రియాక్ట్ 19లో ఫైండ్‌డామ్‌నోడ్ అన్న పాత సౌకర్యం తొలగిపోయింది. ఫంక్షన్ల రూపంలో వ్రాసిన భాగాలకు డిఫాల్ట్‌ప్రాప్స్ ద్వారా ఇచ్చే ముందస్తు విలువలను కూడా అది పట్టించుకోదు. 18ని నమ్మి వ్రాసిన ప్యాకేజీని బలవంతంగా 19 పక్కన కూర్చోబెడితే, స్థాపన నిర్విఘ్నంగా ముగియవచ్చు. ఆ పిదప జీతాల తెర తెరచిన గుమాస్తాకు ఒకచోట విలువ మాయమవుతుంది, మరొకచోట తెరే తెల్లబోతుంది. దోషం నిర్మాత గదిలో మాయమై వాడుకరి బల్లపై ప్రత్యక్షమవుతుంది. ఇది పరిష్కారమా, బదిలీయా?

"గడువు ముంచుకొస్తున్నది, నడుస్తున్నది కదా" అన్నది వారి వాదం. అందులో ఒక పాలు సత్యమున్నది. కొన్నిసార్లు ప్యాకేజీ కర్త 19కి తగినట్లే వ్రాసి, ప్రకటనను మార్చడం మరచి ఉండవచ్చు. ఆ సంగతి తెలిసేది పరీక్షించినప్పుడే గాని బలవంతపెట్టినప్పుడు కాదు. పరీక్షించి తేల్చుకొన్నాక, ఓవర్‌రైడ్స్ అన్న చోట ఆ ఒక్క ప్యాకేజీకి మాత్రమే మినహాయింపు వ్రాయవచ్చు. ఒక్క పదానికి అపవాదసూత్రం చేయడం వేరు, వ్యాకరణాన్నంతా రద్దు చేయడం వేరు.

మరి చేయవలసినదేమి? మొదట సందేశాన్ని పై నుండి క్రిందికి చదవాలి. ఏ ప్యాకేజీ, దేనిని, ఏ వెర్షను అడుగుతున్నదో, దొరికినదేదో అందులోనే ఉంటుంది. చాలకపోతే 'ఎన్‌పీఎం ఎక్స్‌ప్లెయిన్ రియాక్ట్' అని అడిగితే ఎవరెవరు దానిని ఆశ్రయించారో చెబుతుంది. వెర్షనులో మొదటి అంకె మారితే పాత పొత్తు చెడవచ్చునని గ్రహించాలి. ఆ ప్యాకేజీకి 19ని ఒప్పుకొనే కొత్త వెర్షను ఉంటే తెచ్చుకోవాలి. లేకుంటే ప్రాజెక్టునే 18 వద్ద నిలపాలి. అదీ కుదరకుంటే ఆ ప్యాకేజీని వదలుకోవాలి. కుదిరిన అమరికను లాక్ ఫైలుతో సహా భద్రపరచి, ఇతర యంత్రాలలో 'ఎన్‌పీఎం సీఐ'తో అదే అమరికను స్థాపించాలి.

ఇందులో ఏదీ మహావిద్య కాదు. చదివే ఓపిక ఉన్న ఎవరికైనా సాధ్యమే. ఎర్రసిరా చూడగానే కాగితం మడిచి దాచుకొనే పిల్లవానిని మనం మందలిస్తాం. అదే పని జీతం పుచ్చుకొని చేసేవారిని నిపుణులని ఎందుకు పిలవాలి?