ఆగడం కూడా పరుగులో భాగమే

ఆగస్టులో హైదరాబాదులో జరిగే మారథాన్‌లో 21 కిలోమీటర్ల పరుగుకు మా చిన్న కుమారుడు పేరు నమోదు చేసుకున్నాడు. గిద్దలూరులో ఉండే మా అన్నగారి అబ్బాయితో కలిసి వెళ్ళాలన్నది వాడి ఆశ. వేసవి మొదలుకొని ఫజ్ర్ నమాజు ముగియగానే మార్కాపురం నుంచి తర్లుపాడు వెళ్ళే దారిలో పరుగు సాధన చేశాడు. పోటీ పది రోజులుందనగా, దారి పక్కన పారబోసిన పలకల ముక్కలపై కాలు జారి చీలమండ మడతపడింది. వాపు కొద్దిపాటిదే. వాడి దిగులు మాత్రం ఇంటినంతటినీ కమ్మేసింది.

ఇరుగుపొరుగు పెద్దలు ప్రేమతోనే సలహాలిచ్చారు. వేడి నూనెతో గట్టిగా మర్దన చేయించమన్నారు ఒకరు. నొప్పి మాత్ర వేసుకొని పరుగెత్తమన్నారు మరొకరు. బెణికిన తొలి రెండు మూడు రోజుల్లో మర్దన, కాపడం వాపును పెంచుతాయి. గుడ్డలో చుట్టిన మంచు ముక్కలను పదిహేను నిమిషాల చొప్పున ఉంచడం, సాగే పట్టీ కట్టడం, కాలిని ఎత్తులో పెట్టడం మేలు. మాత్ర నొప్పిని మరుగుపరుస్తుందే తప్ప గాయాన్ని మాన్పదు. నాలుగడుగులు కూడా వేయలేకపోయినా, చీలమండ ఎముకను నొక్కితే తీవ్రమైన నొప్పి కలిగినా ఎక్స్‌రే తీయించి తీరాలి. అల్లాహ్ దయవల్ల మా వాడికి ఆ అవసరం రాలేదు.

“ఇన్నాళ్ళ సాధన వృథా అయిపోతుంది అబ్బా! లండన్‌లో సిఫాన్ హసన్ నొప్పితోనే గెలవలేదా?” అన్నాడు వాడు.

ప్రశ్న న్యాయమైనదే. ఇథియోపియాలో పుట్టి, కౌమారంలోనే శరణార్థిగా నెదర్లాండ్స్ చేరిన ఆ సోదరి రమజాన్ నెలలోనూ సాధన కొనసాగించి, 2023 ఏప్రిల్ 23న తన తొలి మారథాన్‌లో పాల్గొన్నారు. దారిలో తుంటి నొప్పి బాధించింది. ఆమె పళ్ళు బిగించి పరుగెత్తలేదు. ఆగారు, కండరాలను సాగదీసుకున్నారు, ముందున్నవారు దూరమైనా తొందరపడలేదు. తిరిగి వారిని అందుకొని 2 గంటల 18 నిమిషాల 33 సెకన్లలో విజేతగా నిలిచారు. మనం గుర్తుంచుకోవలసింది ఆమె గెలుపును మాత్రమే కాదు, ఆమె ఆగిన ఆ క్షణాలను కూడా.

నెలల తరబడి కూడగట్టుకున్న దమ్ము వారం పది రోజుల విశ్రాంతితో పెద్దగా తరిగిపోదు. కానీ పూర్తిగా మానని కాలు మళ్ళీ మడతపడితే నెలలు పోతాయి. శరీరం మనకు అల్లాహ్ అప్పగించిన అమానతు. నిత్యం ఉపవాసాలతో, రాత్రంతా నమాజులతో తనను అలసటకు గురిచేసుకుంటున్న ఒక సహచరునికి, శరీరానికి కూడా తనపై హక్కు ఉందని దైవప్రవక్త (స) గుర్తుచేశారు. ఆరాధనలోనే ఆ హక్కును విస్మరించరాదన్నప్పుడు పోటీ కోసం విస్మరించవచ్చునా?

ఎనిమిదో రోజున వాడిని వాడే పరీక్షించుకోమన్నాము. అరగంట నడక నొప్పి లేకుండా సాగింది. బెణికిన కాలి మునివేళ్ళపై లేచి నిలబడగలిగాడు. అదే కాలిపై గెంతినప్పుడు మాత్రం ముఖం ముడుచుకుంది. కాసేపు మౌనంగా కూర్చుని, “ఈసారి వద్దు అబ్బా” అన్నాడు. ఆ మాట మేము చెప్పించినది కాదు.

అన్నగారి అబ్బాయి ఒక్కడే వెళ్ళాడు. పోటీ రోజు ఉదయం మా వాడు ఫోనులో అతనికి దుఆ చేసి, మాతో కలిసి నెమ్మదిగా నడిచాడు. వాడి కళ్ళు చెమర్చడం చూశాము, చూడనట్టే నడిచాము.

పిల్లలు పరుగెత్తిన రోజున మెచ్చుకోవడం సులభం. వారు ఆగిన రోజున ఓడినవారిగా చూడకుండా ఉండటమే మనకు పరీక్ష. ఇన్షా అల్లాహ్, వచ్చే ఆగస్టుకు ఆ అన్నదమ్ములిద్దరూ కలిసే బయలుదేరుతారు.