గోళ్ల పని ఎక్కడ ముగుస్తుంది, వైద్యం ఎక్కడ మొదలవుతుంది?

పిల్లలను చూడడానికి కాలిఫోర్నియా వెళ్లే మన పెద్దవారిలో మధుమేహులు తక్కువేమీ కాదు. కూతురో కోడలో ప్రేమతో నెయిల్ సెలూనుకు తీసుకువెళుతుంది. "ఇక్కడ అందరూ లైసెన్సు ఉన్నవారే, భయం లేదు" అంటుంది. ఆ లైసెన్సు దేనికి ఇచ్చారో తెలుసుకొని కుర్చీలో కూర్చోవాలని నా మనవి.

అక్కడ 400 గంటల శిక్షణ పొంది, పరీక్షలో ఉత్తీర్ణులైనవారికి రాష్ట్ర బోర్డు ఆ అనుమతి ఇస్తుంది. గోళ్లు కత్తిరించడం, శుభ్రపరచడం, రంగు వేయడం, మోచేతి నుండి వేళ్ల కొసల వరకు, మోకాలి నుండి కాలివేళ్ల వరకు మర్దన చేయడం వారి పని. వైద్యం, శస్త్రచికిత్స వారి పరిధిలో లేవు. లోపలికి పెరిగిన గోటిని తవ్వి తీయడం, గోరుచుట్టు చీము వదిలించడం, "ఇది ఫంగస్" అని నిర్ణయించడం వారు చేయరాదు. ఆనెకాయలు చెక్కే బ్లేడు పరికరం సెలూనులో ఉండడమే నిషిద్ధం.

ఇంత కట్టడి అవసరమా అని మీరు అడగవచ్చు. 2000లో ఆ రాష్ట్రంలోనే ఒక సెలూనులో కాళ్లు నానబెట్టుకున్న 110 మందికి మోకాళ్ల క్రింద మొండి సెగ్గడ్డలు లేచాయి. నీటితొట్టి జల్లెడ వెనుక పేరుకున్న వెంట్రుకలు, చర్మపు మురికిలో క్షయ క్రిమికి దూరపు బంధువైన ఒక సూక్ష్మజీవి పెరిగింది. ముందుగా కాళ్లకు షేవింగు చేసుకున్నవారికే ముప్పు ఎక్కువైంది. నీటితొట్టెల శుభ్రతకు కఠిన నియమాలు ఆ తరువాతే వచ్చాయి. ఆరోగ్యవంతుల గతే ఇది! స్పర్శ తగ్గిన మధుమేహి పాదానికి గాటు పడితే నొప్పి తెలియదు. తెలిసేసరికి పుండు ఎముకను చేరి ఉండవచ్చు.

అయితే ఆ గీతను అడ్డుపెట్టుకొని టెక్నీషియన్‌ను చిన్నచూపు చూడడం నాకు నచ్చదు. మీ పాదాన్ని ఒళ్లో పెట్టుకొని వేళ్ల సందులు సైతం చూసేది ఆమే. ప్రభుత్వాసుపత్రి ఓ.పి. రద్దీలో నేను ఎందరి చెప్పులు విప్పించి చూశాను? చాలా కొద్దిమందివే. రోగం పేరు ఆమె చెప్పరాదు గాని, "ఇది వైద్యునికి చూపించండి" అనడానికి ఏ చట్టమూ అడ్డురాదు.

కాబట్టి కూర్చునేముందే మధుమేహం ఉన్నదని చెప్పండి. గోరు మూలలు తవ్వవద్దనండి. పాదంపై పుండు, పగులు ఉంటే నీటిలో కాలు పెట్టకండి. ఆమె "మీకు నేను చేయను" అంటే కోపగించుకోకండి. ఆ టిప్పు ఆమెకే ఇచ్చి, పాదవైద్యుని వద్దకు వెళ్లండి.