చదవడం రాని పాఠకులకూ చోటుండాలి

ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. వ్యాసరచన, వక్తృత్వం, క్విజ్ పోటీలు పెడతారు. పెద్దలు ఉపన్యాసాలిస్తారు. చివరి రోజున బహుమతులు పంచుతారు. సంతోషమే. కానీ ఇవన్నీ చదవడం, రాయడం వచ్చిన పిల్లలకే కదా! ఇంకా అక్షరాలు దిద్దుకునే నాలుగైదేళ్ల వాళ్లకి అక్కడ ఏముంది? "పిల్లల్ని తీసుకురాకండమ్మా, పుస్తకాలు చించేస్తారు" అనే మాట తప్ప! ఈ మాట నేను రెండు మూడు ఊళ్లలో విన్నాను.

ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. పసిపిల్లలున్న ఇళ్లవాళ్లూ కడుతున్నారు. అలాంటప్పుడు వారానికి ఓ అరగంట ఆ పిల్లలకి కేటాయించమని అడగడం గొంతెమ్మ కోరిక కాదు. 1935లోనే పాతూరి నాగభూషణం గారి చొరవతో పుస్తకాలు పడవెక్కి కాలువ వెంట పల్లెలకు వెళ్లాయి. అంత పని చేసిన చోట పిల్లల కోసం ఓ చాప పరవలేమా?

కథలు ఇంట్లో చెప్పుకోవచ్చుగా అంటారు. చెప్పుకోవాలి కూడా. కానీ 'ఈ పుస్తకాలన్నీ నావి, మళ్లీ అందరివీ' అన్న సంగతి పిల్లలకి గ్రంథాలయంలోనే తెలుస్తుంది. అందుకే అక్కడ చెప్పే మొదటి కథ గ్రంథాలయం గురించే ఉండాలంటాను.

పెద్ద ఏర్పాట్లేమీ అక్కర్లేదు. పది పన్నెండు మంది పిల్లలు, పక్కన అమ్మో, అమ్మమ్మో ఉంటే చాలు. దారి తప్పిన ఓ పుస్తకం తన అర కోసం వెతుక్కుంటున్నట్టు కథ అల్లండి. "ఇదేనా నా ఇల్లు?" అని ప్రతి బీరువా దగ్గరా అది అడుగుతుంటే, "కాదు, కాదు" అని పిల్లలంతా ఒక్కసారిగా అరవాలి. పుస్తకాలకీ ఓ చోటు ఉంటుందని వాళ్లకి ఇట్టే అర్థమవుతుంది. ఆ తర్వాత ఆట. ఒకరు లైబ్రేరియన్, మిగిలినవాళ్లు పాఠకులు. కోసిన బంగాళాదుంపని రంగులో ముంచి కాగితం మీద ముద్ర వేస్తే అదే స్టాంపు! చిరుగుతాయన్న భయమా? ఓ పాత పత్రిక, కాస్త జిగురు ఇచ్చి అతికించడం నేర్పండి. అదీ ఆటే. చివరగా తల్లి సభ్యత్వం మీద ఒక్కో బొమ్మల పుస్తకం పిల్లలే ఎంచుకుని ఇంటికి తీసుకెళ్లాలి.

దయచేసి రెండు పనులు మాత్రం వద్దు. కథ అయిపోగానే "నీతి ఏమిటి?" అని నిలదీయొద్దు. మధ్యలో లేచి తిరిగేవాణ్ని గదమాయించొద్దు. వాడి కాళ్లు ఎటు తిరిగినా చెవులు మాత్రం కథ దగ్గరే ఉంటాయి.

'ఫోన్లో బోలెడన్ని కథలుంటే ఇదంతా ఎందుకు' అనేవాళ్లూ ఉన్నారు. "పులికి జ్వరం వస్తే ఎవరు మందిస్తారు?" అని బుజ్జిగాడు అడిగితే ఫోన్లో కథ ఆగదు. మనం ఆగుతాం.

నాకు ఇందులో ఇంకో ఆశ కూడా ఉంది. చాలా ఊళ్లలో గ్రంథాలయమంటే మగవాళ్లు పేపర్లు చదువుకునే చోటు. పెళ్లయ్యాక పుస్తకం ముట్టుకోని ఆడవాళ్లు ఆ గుమ్మం తొక్కడానికే మొహమాటపడతారు. పిల్లల వంకతో లోపలికి వచ్చిన తల్లి తన కోసం కూడా ఓ నవల తీసుకెళ్లదూ? ఆడవాళ్లొస్తే మంచినీళ్లు, మరుగుదొడ్డి ఏవని అడిగే గొంతులూ పెరుగుతాయి.

కాబట్టి వారోత్సవాల దాకా ఆగక్కర్లేదు. మీ వీధిలో నలుగురు కలిసి, రిటైరైన టీచరమ్మ ఉంటే ఆమెనీ కలుపుకుని, మీ గ్రంథాలయానికి ఓ అర్జీ రాయండి. అడగాల్సింది వారానికి అరగంట, ఓ మూల చాప పరిచేంత జాగా. కథలు మన దగ్గర ఎలాగూ ఉన్నాయి!