మెగాహెర్ట్జ్ కూడా తూకమే

ఈసారి సియాసత్ గురించి కాదు, ఇంట్లో ఉన్న లాప్‌టాప్ గురించి మాట్లాడుకుందాం. ఇది కూడా ఘర్ కా మసలానే.

మొన్న మహబూబాబాద్‌లో మా ఆపా ఇంటికి పోయిన. డిగ్రీ రెండో ఏడు చదువుతున్న మా భాంజీ లాప్‌టాప్ బటన్ నొక్కి జానమాజ్ తీసుకుంది. "ఇది తెరుచుకునేలోగా నా అసర్ అయిపోతది మామూ" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ లాప్‌టాప్ అంతకుముందు వాళ్ల భాయ్‌ది. అతనికి కొత్తది కొన్నారు, పాతది ఈమెకు వచ్చింది. "బచ్చీకి ఇది చాల్తది కదా" అన్నాడు దుల్హేభాయ్.

మన ఇళ్లల్లో ఇది ఆమ్ బాత్. కొడుకుకు కొత్తది, బిడ్డకు ఉతరన్. బిడ్డ అడగదు. సబర్ చేస్తది. ఆ సబర్‌ను మనం రజామందీ అనుకుంటాం.

టాస్క్ మేనేజర్ తెరిచి మెమరీ చూసిన. 4 జీబీ. రెండు స్లాట్లలో ఒకటే నిండి ఉంది. విండోస్, బ్రౌజర్ కలిసే ఆ 4 జీబీని తినేస్తాయి. జాగా సరిపోకపోతే కంప్యూటర్ హార్డ్ డిస్క్‌ను మెమరీలాగా వాడుకుంటది. హార్డ్ డిస్క్ చాలా నెమ్మది. ఆ పిల్ల ఓపిక అంతా అక్కడే ఖర్చవుతోంది. ప్రాసెసర్ ఎనిమిదో తరం ఐ5, మంచిదే. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయినా, ఈ ప్రాసెసర్‌పై విండోస్ 11 నడుస్తది. అంటే మిషన్ ముసలిది కాలేదు, ఆకలితో ఉంది.

8 జీబీ ముక్కలు రెండు వేసినం, హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ పెట్టినం. ఒకే 16 జీబీ ముక్క ఎందుకు వేయలేదు? ఒక్క ముక్క ఉంటే ప్రాసెసర్‌కు ఒకే దారి. రెండు స్లాట్లలో సమానమైన ముక్కలుంటే రెండు దారులు. దీన్నే డ్యుయల్ చానల్ అంటారు. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని లాప్‌టాప్‌లో తెరమీది బొమ్మకు కూడా ఈ మెమరీయే కావాలి కాబట్టి ఫరక్ బాగా కనిపిస్తది.

ఇక స్పీడ్ సంగతి. మన జేబులు కత్తిరించేది ఇక్కడే. నా సొంత కథ చెప్తా. జనగామలో నా లాప్‌టాప్‌కు ర్యామ్ పెంచమని ఒక దుకాణంలో ఇచ్చిన. పదకొండో తరం ప్రాసెసర్, లోపల 3200 ముక్క ఒకటుంది. బిల్లులో ఇంకో 3200 అని రాసిచ్చారు. ఇంటికొచ్చి చూస్తే 16 జీబీ సరిగ్గానే ఉంది, స్పీడ్ మాత్రం 2400. వాళ్లు వేసింది పాత 2400 ముక్క. రెండు ముక్కలు కలిసినప్పుడు నెమ్మదిదాని వేగానికే రెండోది కూడా దిగాలి. అంటే కొత్తది చాలకపోవడమే కాదు, నా పాత ముక్కను కూడా కిందికి గుంజింది. తిరిగి పోయి అడిగితే "16 అయింది కద సార్, ఇంకేం కావాలె?" అన్నారు. బిల్లు చూపెట్టి గట్టిగా అడిగాక మార్చారు.

జనగామ మార్కెట్ యార్డుకు పోయే ఏ రైతునైనా అడగండి. కాంటా దగ్గర నిలబడి ముల్లు చూడనిదే బస్తా కదలనీయడు. నాప్‌తోల్‌లో తక్కువ చేసేవాళ్ల మీద ఖురాన్‌లో ఒక సూరాయే ఉంది, సూరా ముతఫ్ఫిఫీన్. బియ్యం కిలోల్లో, బట్ట మీటర్లలో, ర్యామ్ మెగాహెర్ట్జ్‌లో. కొలత ఏదైనా హక్ హక్కే. అమ్మేవాడి మీద జిమ్మేదారీ ఉన్నట్టే కొనేవాడి మీద చూసుకునే జిమ్మేదారీ కూడా ఉంది.

అయితే ప్రతి తక్కువ నంబరూ దగా కాదు. ఇన్సాఫ్ మాట చెప్పాలి. భాంజీ కోసం కొన్న ముక్కల మీద 3200 అని ఉంది, నడిచేది 2400కే. ఆ ప్రాసెసర్ హద్దు అంతే. దుకాణదారు ముందే చెప్పి ఇచ్చాడు, అల్లాహ్ బర్కత్ ఇవ్వాలి. సీపీయూ-జడ్ అనే చిన్న ప్రోగ్రాంలో 3200కు బదులు 1600 కనిపిస్తే గాబరా పడొద్దు. డీడీఆర్ మెమరీ ఒక్కో చుట్టుకు రెండుసార్లు సరుకు మోస్తది. లారీ పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ నిండుగా ఉన్నట్టు. కాబట్టి ఆ నంబరును రెండింతలు చేసుకోవాలి. ఇంకో చిక్కు ఉంది. కొన్ని ముక్కలు ఎక్స్‌ఎంపీ అనే సెట్టింగ్ ఉంటేనే రాసిన స్పీడ్ ఇస్తాయి. చాలా లాప్‌టాప్‌ల బయోస్‌లో ఆ సెట్టింగే ఉండదు. అందుకని 3200 కావాలంటే 1.2 వోల్టులు, సీఎల్ 22 అని రాసి ఉన్న మామూలు ముక్క అడగండి. కొత్త ముక్కలు వేశాక మొదటిసారి తెర కాసేపు నల్లగా ఉంటే కూడా భయపడొద్దు. మిషన్ వాటిని పరీక్షించుకుంటది.

"ఇంత తక్లీఫ్ ఎందుకు, కొత్తదే కొంటే పోదా?" అంటారు. భూపాలపల్లిలో బొగ్గు బావిలో కాంట్రాక్టు పని చేసే నా దోస్త్ కూడా అదే అన్నాడు. బిడ్డ బీటెక్ కోసం ఫైనాన్స్‌లో కొత్త లాప్‌టాప్ తీయబోయాడు. ప్రతి నెలా కిస్తు, పైన సూద్. సూద్ వద్దని జుమ్మా బయాన్‌లో విని, శనివారం సంతకం పెట్టడానికి పోతున్నాడు. ఆపి, ముందు పాతది తెరిచి చూద్దామన్న. కిస్తు లేకుండా పని అయింది, అల్హందులిల్లాహ్. పనికొచ్చే మిషన్‌ను మూలకు పడేయడం ఇస్రాఫ్ కాక మరేంటి?

అన్ని లాప్‌టాప్‌లకూ ఇది కుదరదు. సన్నటి మోడళ్లు చాలావాటిలో మెమరీని బోర్డుకే అతికించేస్తారు, పెంచే రాస్తా ఉండదు. అప్పుడు కొత్తది కొనాల్సిందే. ఇంకోటి, 2025 చివర నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. ఏఐ డేటా సెంటర్లు చిప్‌లను ఎగరేసుకుపోతున్నాయి. క్రూషల్ పేరుతో మనలాంటి వాళ్లకు మెమరీ అమ్ముతూ వచ్చిన మైక్రాన్ కంపెనీ, ఆ కారోబార్ నుంచి తప్పుకుంటున్నట్టు 2025 డిసెంబర్‌లో ప్రకటించింది. సరుకు మహెంగా అయినప్పుడు తూకం ఇంకా జాగ్రత్తగా చూడాలి.

కాబట్టి నా గుజారిష్ రెండే మాటలు. దుకాణంలోనే, పైసలు ఇవ్వకముందే టాస్క్ మేనేజర్ తెరిపించి సైజుతో పాటు స్పీడ్ చూడండి. ఆ చూసే పని మీ బిడ్డతో చేయించండి. మహబూబాబాద్‌లో నేను అదే చేసిన. దుకాణంలో మా భాంజీయే ముందుకు వంగి నంబరు చదివింది. దుకాణదారు నావైపు చూసి జవాబు చెప్పబోతే, "భాయ్‌సాబ్, లాప్‌టాప్ నాది, నాకు చెప్పండి" అంది.

దుల్హేభాయ్ పక్కనే నిలబడి విన్నాడు. ఇంటికొచ్చే దారిలో ఆమె చదువు గురించి మొదటిసారి నాతో అరగంట మాట్లాడాడు.